వదిన వేలి కొలత

నీలం చొక్కా విప్పకుండానే భోజనానికి కూర్చున్నాడు చిన్నోడు.

కనీసం ఆ చొక్కా అయినా మార్చుకొస్తాడేమోనని వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మార్చుకోలేదు సరికదా, జేబు మీద కుట్టిన కంపెనీ గుర్తుకి కూర మరక అంటకుండా మెడలో ఒక చేతిగుడ్డ కూడా దోపుకున్నాడు.

పొద్దున్న కొత్త గ్రంథాలయం పడమటి వైపు, నిచ్చెన మీద, ఆ చొక్కాలో వాణ్ణి మొదటిసారి చూసినప్పుడు, ఎవడో అచ్చం మావాడిలాగే ఉన్నాడే అనుకుంది. వాడిలాగే బకెట్టు ఎడంచేత్తో పట్టుకున్నాడే అని ముచ్చటపడింది కూడా. ఆ మనిషి ఈమెను చూసి చటుక్కున మొహం తిప్పుకున్నాకే తెలిసింది, వాడిలాగే కాదు, వాడేనని.

తొమ్మిదేళ్ళు వదినా మరిదీ కలిసి ఊళ్ళో అద్దాలు తుడిచారు. ఆమె రబ్బరు పలక లాగేది, వాడు నిచ్చెన పట్టుకునేవాడు. ఈ మధ్యే ఏదో వంక చెప్పి రావడం మానేశాడు. ఇవాళ ఆమెది తూర్పు, అద్దాలు తుడిచే కంపెనీ తరఫున వాడిది పడమర. రెండు వైపులా తుడిచాక సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ మేడమ్ వచ్చి చూస్తుంది. ఎవరి అద్దాలు ఆరాక మచ్చ లేకుండా ఉంటే ఏడాది పనంతా వాళ్ళది. కింది అంతస్తు పొద్దున్నే అయిపోయింది. పై అంతస్తు భోజనాలయ్యాక.

"ఇంకొంచెం వేసుకోరా, మళ్ళీ నిచ్చెనెక్కాలిగా," అంటూ అత్తగారు చిన్నకొడుకు కంచంలో కూర వడ్డించింది.

"దండిగా వెయ్యండి అత్తయ్యా," అంది వదిన. "నీలం చొక్కాల వాళ్ళకి ఆకలెక్కువట. మనుషుల్ని ఒక్కొక్కళ్ళనీ మింగి ఊరుకోరు, ఇల్లిల్లూ మింగుతారు."

చిన్నోడు నోటి దాకా వెళ్ళిన ముద్ద ఆపాడు. "తిన్నాక తిట్టు వదినా."

"తిన్నాక నువ్వుంటావేంటి? పొద్దున్న నన్ను చూసి గోడ చాటుకి ఎలా దూకావు! పిల్లి కూడా అంత శుభ్రంగా దూకదు."

"దూకలేదు. బ్రష్షు పడిపోతే తీసుకుందామని..."

"బ్రష్షు నీ చేతిలోనే ఉంది."

బల్లకి ఆ చివర చిన్నోడి అన్న కూర్చున్నాడు. వదిన మొగుడు ఊరికి వడ్రంగి. మాటని కూడా చెక్కలాగే మూడుసార్లు కొలుచుకుని, చివరికి కొయ్యకుండానే పక్కన పెట్టేసే రకం. ఆయన కంచంలోకి చూస్తూ, మెతుకుల్లో మేకులున్నట్టు జాగ్రత్తగా నములుతున్నాడు.

వదిన బల్లకి ఎదురుగా వచ్చి కూర్చుంది. కంచం మాత్రం పెట్టుకోలేదు.

"వెళ్ళావు, సరే. రెక్కలొచ్చాయి, ఎగిరావు. ఒక్క మాట చెప్పుంటే ఆ చొక్కాకి బొత్తాలు నేనే కుట్టిచ్చేదాన్ని. పుస్తకం ఎందుకు తీసుకెళ్ళావురా? పొద్దున్న నీ నిచ్చెన కింద చూశా."

చిన్నోడు మెడలో చేతిగుడ్డ సర్దుకున్నాడు.

పుస్తకమంటే ఈ ఊరి నీళ్ళ జాతకం. ఇక్కడ నీళ్ళు వీధికో రకం. స్టేషను వైపు బోరు నీళ్ళని వదిన 'మొండి నీళ్ళు' అంటుంది. సబ్బు వేసినా అలిగిన పెళ్ళాంలా ఉలుకూ పలుకూ ఉండదు. అద్దం మీద ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. ఏటి వైపు నీళ్ళు మెత్తనివి, చిటికెడు సబ్బుకే పొంగిపోతాయి. అందుకని ఏ ఇంటికి వెళ్ళినా వదిన ముందు ఆ ఇంటి కుళాయి నీళ్ళు సీసాలో సగం పట్టి, మూడు చుక్కల సబ్బు వేసి, ఇరవైసార్లు ఊపుతుంది. పైన తేలిన నురగకి వేళ్ళు అడ్డంగా పెట్టి, ఎన్ని వేళ్ళ ఎత్తు ఉందో కొలుస్తుంది. నురగ తక్కువైతే, చుక్కలు కరగడానికి పుల్లటి నిమ్మ ఉప్పు ఎక్కువ. నురగ ఎక్కువైతే నిమ్మ ఉప్పు తగ్గించి, స్పిరిట్టు రెండు మూతలు. ఆమె కొలిచి అరుస్తుంటే వాడు రాసేవాడు. అలా తొమ్మిదేళ్ళలో ఊరంతా ఆ పుస్తకంలోకి ఎక్కింది.

"అందులో ఉన్నది నా చేతిరాత," అన్నాడు చిన్నోడు ఎట్టకేలకు.

"రాత నీది. నోరెవరిది?"

"నోరు నీదే. నీ నోరు నీ దగ్గరే ఉందిగా, అదేం తీసుకెళ్ళలేదు."

ఇంకో రోజైతే వదిన ఈ మాటకి పడీ పడీ నవ్వేది. ఇవాళ పెదవి కూడా కదల్లేదు.

"చలికాలం పొద్దున్నే కుళాయి కుళాయికీ తిరిగి చేతులు కొయ్యబారింది ఎవరికిరా?"

"నాకూ కొయ్యబారాయి. పెన్ను పట్టుకుంది నేనేగా." వాడి గొంతు పెరిగింది. "తొమ్మిదేళ్ళు వదినా! ఇప్పటికీ 'చిన్నోడా బకెట్టు', 'చిన్నోడా గుడ్డ'. ఈ ఇంటి గుమ్మంలోంచి తల వంచుకుని దూరాల్సొస్తోంది నాకు, ఇంకా చిన్నోణ్ణేనా? అక్కడ నా కింద ఆరుగురున్నారు. సార్ అంటారు నన్ను."

"సారా!"

"నవ్వకే," అంది అత్తగారు. "వాడు మాత్రం ఎదగొద్దా?"

"నేను నవ్వానా అత్తయ్యా? నా మొహం చూసి చెప్పండి."

అత్తగారు చూడలేదు. గరిటెని గిన్నెలో అటూ ఇటూ తిప్పింది.

"పుస్తకం పెట్టెలో ఉండేది. పెట్టెకి తాళం ఉంది," అంది వదిన. "తాళం ఎలా తీశావ్?"

చిన్నోడు కంచంలో గీతలు గీయడం మొదలెట్టాడు. వడ్రంగికి పొలమారింది. అత్తగారు నీళ్ళ గ్లాసు అందించింది.

"తీశాను. ఎలాగో తీశాను."

"నేను కన్నతల్లిని కాను, నిజమే. కానీ నీకు జ్వరమొస్తే రాత్రంతా నెత్తి మీద తడిగుడ్డ వేసింది నేనేరా. అలాంటి నా పెట్టె తాళమే తీశావంటే..."

"ఇంక చాలు వదినా." కంచం కొంచెం ముందుకి తోశాడు. మాట మళ్ళించడానికి కాబోలు, ఛాతీ విరుచుకున్నాడు. "అయినా అన్నీ నీ దయే అనుకోకు. కింది అంతస్తుకి మావాళ్ళు కంపెనీ సీసా మందు వాడితే అద్దమంతా చుక్కలు మిగిలాయి. అప్పుడు నేనే కలగజేసుకున్నా. నా అంతట నేనే సీసా ఊపి, నా చేత్తో నేనే కొలిచా. రెండు వేళ్ళ నురగొచ్చింది. దానికి తగ్గ మందు డ్రమ్ములో కలిపి ఉంచా. పై అంతస్తు చూస్కో, తళతళలాడిపోతుంది."

వదిన తల ఎత్తింది. "ఎన్ని వేళ్ళు?"

"రెండు. మొండి నీళ్ళే. బళ్ళో వాటిని కఠిన జలం అంటార్లే."

"ఏ కుళాయి?"

"పెరటి కుళాయి. అక్కడున్నది అదొక్కటేగా."

ఆమె కూడా పొద్దున్న ఆ కుళాయి దగ్గరే సీసా ఊపింది. మూడు వేళ్ళు నిండా వచ్చి, ఆ పైన ఇంకో గోరంత కూడా వచ్చింది. అదే కుళాయి, అదే పొద్దున్న, అవే నీళ్ళు.

చిన్నోడు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆ పట్టుకున్న చెయ్యి చూసింది వదిన. వాడి నాన్న పోలిక. ఒక్కో వేలు రోకలిలా ఉంటుంది. రెండు వేళ్ళకే గ్లాసులో సగం కనిపించకుండా పోయింది. ఆమెవేమో పెళ్ళి ఉంగరానికి దారం చుడితేగానీ నిలవని వేళ్ళు. తొమ్మిదేళ్ళూ కొలిచిన చెయ్యి ఆమెది, రాసిన చెయ్యి వాడిది. పుస్తకం నిండా 'వేలు' అని రాసుంది. ఎవరి వేలో రాయాలని ఇద్దరికీ తట్టలేదు.

నీళ్ళు అంత మొండివి కావు. డ్రమ్ములో నిమ్మ ఉప్పు ఉండాల్సినదానికి రెట్టింపుంది. అద్దానికి పరవాలేదు. కానీ ఆ గ్రంథాలయంలో ప్రతి కిటికీ కిందా తెల్లటి సున్నపురాయి గట్టు వేయించారు, పాలమీగడలా నున్నగా. సున్నపురాయికి పులుపు పడదు. ఘాటు మందు ధార కట్టిందంటే గట్టు గుంటలు పడిపోతుంది.

ఆమె చెయ్యాల్సిందేమీ లేదు. నోరు మూసుకుంటే చాలు. నాలుగింటికి మేడమ్ వస్తుంది. పడమటి వైపు రాయి చూస్తుంది. తర్వాత తూర్పు వైపు చూస్తుంది. ఏడాది పని వచ్చి వదిన ఒళ్ళో పడుతుంది. సారుగారు నీలం చొక్కా విప్పుకుని ఇంటికొస్తాడు.

ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆమెకే భయమేసింది.

"చిన్నోడా, ఆ డ్రమ్ము పారబొయ్యి."

"ఏంటీ?"

"అవి రెండు వేళ్ళ నీళ్ళు కావు, మూడు వేళ్ళవి. నీ వేలు లావు, నా వేలు సన్నం. పుస్తకంలో ఉన్నది నా వేలు. నువ్వు మందు రెట్టింపు కలిపావు. అది రాయి మీద పడితే రాయి తినేస్తుంది. పారబోసి సగం ఘాటుతో మళ్ళీ కలుపు. గట్ల మీద తడిగుడ్డలు పరుచు."

చిన్నోడు ఆమె మొహంలోకి చూశాడు. మెల్లగా వాడి పెదాలు విచ్చుకున్నాయి.

"ఈల కూడా వెయ్యనా వదినా?"

అదీ సంగతి. వాడు పనిలో చేరిన మొదటి వారం వదిన చాలా గంభీరంగా చెప్పింది, అద్దం ఆరేటప్పుడు ఈల వేస్తే చుక్కలు పడవని. పాపం, వాడు బ్యాంకు ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈల వేస్తూనే ఉన్నాడు. మేనేజరు బయటికొచ్చి ఒంట్లో బాగోలేదా బాబూ అని అడిగాడు. ఆ తర్వాత ఎడమకాలు చెప్పులో నిమ్మతొక్క పెట్టుకుంటే నిచ్చెన జారదంది. ఆర్నెల్లు పెట్టుకున్నాడు. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె వాణ్ణి ఆడించిన ఆటలు రాస్తే అదింకో పుస్తకం.

"ఇది ఆట కాదురా."

"ఈల నాడూ ఇదే మొహం పెట్టావు. వేళ్ళు లావట! నా డ్రమ్ము పారబోయించి, నీళ్ళలాంటి మందుతో చుక్కలు పడేలా చేసి, మేడమ్ ముందు నన్ను వెధవని చెయ్యడానికేగా?"

"ఉండు, ఇప్పుడే చూపిస్తా. సీసా ఊపుతాను, నువ్వూ చెయ్యి పెట్టు, నేనూ పెడతా. నీ కళ్ళతో నువ్వే చూడు."

ఆమె లేచి వంటింట్లోకి పరుగెత్తింది. సీసాలో నీళ్ళు పట్టింది, సబ్బు వేసింది, వడివడిగా ఊపుతూ ఇవతలికొచ్చింది. చిన్నోడి కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు తెరిచి ఉంది. సీసాలో నురగ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

"వెళ్ళిపోయాడు," అంది అత్తగారు, తెలియనివాళ్ళకి చెప్పినట్టు.

వదిన సీసా బల్ల మీద పెట్టి చెప్పులు వేసుకుంది. "నేనే వెళ్ళి ఆ డ్రమ్ము తన్నేస్తాను."

"వద్దు."

అన్నది వడ్రంగి. ఆ పూటకి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"ఏంటి వద్దు?"

"అందరి ముందూ వాడి పరువు తియ్యకు. కొత్త ఉద్యోగం."

"తాళం తీసి పుస్తకం ఎత్తుకెళ్ళిన దొంగవెధవకి పరువొకటా?"

అత్తగారికి ఉక్రోషం ముంచుకొచ్చింది. గరిటె టంగున గిన్నెలో పడేసింది. "నా కొడుకుని దొంగంటే ఊరుకోను! వాడేం తాళం తియ్యలేదు. పెద్దోడు చేతికిస్తేనేగా వాడు తీసుకుంది!"

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ మాట అప్పటికే బల్ల దాటిపోయింది.

ఆ పెట్టె వడ్రంగి స్వయంగా చేసిచ్చినదే. పెళ్ళయిన రెండో ఏడు. మూలలు ఎంత నేర్పుగా కలిపాడంటే, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలీదు. దానికి రెండు తాళంచెవులు. ఒకటి ఆమె మెడలో ఉంది. రెండోది ఎవరి దగ్గరుందో ఈ పూట దాకా ఆమెకి తలపుకే రాలేదు.

"మీరా?"

వడ్రంగి వేళ్ళకంటిన మెతుకులు ఒక్కొక్కటీ తీసి కంచంలో వేశాడు.

"నేనే."

"ఎప్పుడు?"

"పోయిన నెల. ఆ కంపెనీ ఆయన కొట్టుకొచ్చాడు. వాళ్ళకి కిటికీ చట్రాలు కావాలన్నాడు. చాలా పెద్ద పని. చిన్నోడికి ఉద్యోగం కూడా ఇస్తానన్నాడు. మాటల్లో నీ పుస్తకం సంగతొచ్చింది."

"మాటల్లో!" వదిన నవ్వింది. ఆ నవ్వు విని అత్తగారు కొంచెం వెనక్కి జరిగింది. "మీకు మాటలు కూడా వచ్చన్నమాట. ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలు చూపించే మనిషి. నా పుస్తకం గురించి మాత్రం ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడారు!"

"నీ మంచికే అనుకున్నా. ఆ నిచ్చెనలెక్కడం మానేస్తావని."

"నన్నడిగారా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవుగా."

"ఒప్పుకోనని తెలుసు. అందుకే అడగలేదు. చూడండి, ఎంత బాగా తెలుసో నేనంటే మీకు."

ఆయన తల దించుకున్నాడు. ఎవరూ అడక్కుండానే ఇంకో మాట బయటికొచ్చింది. "చిన్నోడు ముందు ఒప్పుకోలేదు. వదినకి చెప్పి తీసుకుంటానన్నాడు. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా."

వదిన బల్లకి చెయ్యి ఆనించి నిలబడింది. ఇంతసేపూ ఎదురుగా కూర్చుని తిట్లన్నీ తిని, 'ఎలాగో తీశాను' అంటూ అన్నయ్య చేసిన నేరం నెత్తిన వేసుకుని పోయాడు వెర్రి వెధవ. పొద్దుటి నుంచి తనకి ద్రోహం చేసింది ఒక్కడే అనుకుంది. ఆ ఒక్కడి మీదే కోపమంతా ఖర్చు పెట్టేసింది. ఇప్పుడు ఈయన ముందు నిలబడితే, తిట్టడానికి నోట్లో ఒక్క మాట కూడా మిగల్లేదు.

బల్ల మీద కంచాలు ఎండిపోయాక ఫోను మోగింది. ఆమెదే. చిన్నోడు.

"వదినా! రాయి... కిటికీ గట్టు రాయి బుస్సుమని పొంగుతోంది! తెల్లగా నురగొస్తోంది, మూడు కిటికీల కింద! గుడ్డతో తుడిస్తే గరుకుగా తగులుతోంది. ఎలా ఆపాలి వదినా? వదినా, ఉన్నావా?"

వదిన వింది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, మొగుడి చేతిలో పెట్టింది.

"పుస్తకం ఇచ్చినవాళ్ళని అడగమనండి."

వడ్రంగి ఆ ఫోనుని పదునైన ఉలి తిరగేసి ఇచ్చినట్టు పట్టుకున్నాడు. "ఏం చెప్పను?" అన్నాడు పెళ్ళాం వంక చూసి. ఫోనులోంచి, "అన్నయ్యా, వదినకివ్వు, తొందరగా!" అని వినిపిస్తూనే ఉంది.

వదిన కిటికీలోంచి బయటికి చూసింది. అద్దం మీద ఎక్కడా మచ్చ లేదు. పాలమీగడలాంటి ఆ రాయి ఆమె కళ్ళ ముందు గుంటలు పడుతోంది. ఇంకో నిమిషం ఊరుకోవచ్చు. రెండు నిమిషాలు కూడా ఊరుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"నీళ్ళు పొయ్యమనండి," అంది, ఇటు తిరక్కుండానే. "ధారగా. ఆపకుండా."

"నీళ్ళు పొయ్యమంటోంది. ధారగా."

"రుద్దొద్దనండి."

"రుద్దొద్దట."

"తర్వాత వంటసోడా చల్లమనండి. గుప్పెళ్ళతో. మొహమాటపడొద్దనండి."

"వంటసోడా చల్లమంటోందిరా. గుప్పెళ్ళతో."

అవతల గుసగుసలు వినపడ్డాయి. ఎవరో ఏదో అంటున్నారు. మళ్ళీ చిన్నోడు. "అన్నయ్యా, సోడా వేస్తే ఇంకా పొంగుతుందంటున్నారు ఇక్కడ మావాళ్ళు."

"పొంగుతుంది," అంది వదిన. "పొంగి ఆగిపోతుంది. పులుపు విరుగుతుంది. పాడైంది ఎలాగూ బాగుపడదు, మిగిలిన రాయి అయినా దక్కుతుంది."

వడ్రంగి ఆ మాట అందించడానికి నోరు తెరిచాడు. అంతలో ఫోనులోంచి చిన్నోడి గొంతు గదంతా వినిపించేంత గట్టిగా వచ్చింది.

"వదిన నిజంగా చెప్తోందా, నన్ను ఆడిస్తోందా? నువ్వు చెప్పన్నయ్యా! నువ్వు చెప్తే వేస్తాను!"

వడ్రంగి పెళ్ళాం వంక తిరిగాడు. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. వదిన మొహంలోకి పరీక్షగా చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నిజమే చెప్పావు కదూ?"